అవతలి గట్టు పొగ

"కింద మసి తీసే తలుపు బిగించారా, గుత్తోర్మ్ గారూ?" ఇంటికప్పు మీది నుంచి సిగ్నే అరిచింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ బిగిస్తున్నానమ్మాయ్. కానీయ్!"

ఇనుప గుండు, దాని వెనకే బ్రష్షు పొగగొట్టంలో గరగరమంటూ దిగాయి. గుత్తోర్మ్ చేతికర్ర మీద ఒరిగి ఆ చప్పుడు విన్నాడు. జీవితమంతా కట్టెల వ్యాపారం చేసినవాడు. మసి రాలే తీరు బట్టి ఎలాంటి కట్టె కాలిందో చెప్పగలడు.

సిగ్నే నిచ్చెన దిగి లోపలికొచ్చి మసినంతా బకెట్టులోకి ఎత్తింది. "పిండిలా ఉంది. తారు మచ్చుకైనా లేదు. ఈ ఊళ్లో అందరూ మీలాంటివాళ్లయితే నేను వేరే పని వెతుక్కోవాల్సిందే."

"పోయినవారమే వస్తానన్నావుగా?"

"మంచు కురిసిన రోజు కదూ? ఒళ్లు పేలిపోయేంత జ్వరం. మంచం దిగలేకపోయాను."

ఆయన కాఫీ పోసి కిటికీ దగ్గర కూర్చున్నాడు. సన్నటి సముద్రపు పాయకు అవతల తమ్ముడు ఐలిఫ్ ఇల్లు. దాని పక్కదే సిగ్నే వాళ్లది. ఐలిఫ్ పొగగొట్టం నుంచి తెల్లటి పొగ దారంలా లేస్తోంది.

ఆ నీళ్లకు ఇరువైపులా బతికేవాళ్లందరిదీ ఒకటే కట్టుబాటు. పొద్దున్నే అవతలి గట్టున పొగ కనబడకపోతే పడవ తియ్యాలి. అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోయినా ఆ కట్టుబాటు మాత్రం తెగలేదు. తమ్ముడి పొగ చూశాకే గుత్తోర్మ్ తన పొయ్యి ముట్టించేవాడు.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే వ్యాపారం. ఒక శీతాకాలం ఐలిఫ్ పచ్చి బర్చ్ కట్టెల్ని ఎండినవని చెప్పి ఒక ఇంటికి అమ్మాడు. ఆ పొగకు గొట్టం నిండా తారు పట్టి, ఒకనాడు భగ్గున అంటుకుంది. మనుషులు బయటపడ్డారు గానీ ఇల్లు సగం పోయింది. ఆ బూడిద ముందు నిలబడి, అందరూ వింటుండగా గుత్తోర్మ్ అన్నాడు: "మా నాన్నకు నేనొక్కణ్ణే కొడుకుని."

ఆనాటి నుంచి ఐలిఫ్ పంతం కొద్దీ తడి కట్టెలే కాల్చాడు. అదీ కింది నుంచి ముట్టించి. రోజూ పొద్దున్నే నల్లటి పొగ. నా మొహాన ఊదుతున్నాడు అనుకునేవాడు గుత్తోర్మ్.

"ఈ ఏడు చూశావా ఆ పొగ?" అన్నాడు ఇప్పుడు.

సిగ్నే కాఫీ కప్పులోకి చూస్తూ, "చూశాను," అంది.

"తెల్లగా, పలచగా! ఎండిన కట్టె. లావు దుంగలు కింద, పుల్లలు పైన పెట్టి, కొవ్వొత్తిలా పై నుంచి ముట్టిస్తున్నాడు. నేను గొంతు చించుకుని చెప్పిన పద్ధతే. ఇన్నాళ్లూ మా బేరం తెగనిది ఎవరు ముందు దిగాలన్న దగ్గరే. వాడు దిగాడు. ఇక నా వంతు."

"ఏం చేద్దామని?"

"నీ పడవలో నన్ను అవతలికి తీసుకుపో."

అప్పుడు గమనించిందామె. ఆయన గడ్డం గీసుకుని ఉన్నాడు. తలుపు దగ్గర రెండు వేసవులు ఎండిన కట్టెల మోపు, దాని మీద గుడ్డలో చుట్టిన గోధుమరంగు చీజు ముక్క.

"గాలి లేచిందండీ. ఇవాళ వద్దు."

"నాకు సరుకులు తెచ్చే పడవవాడు కూడా నీలాగే. ఐలిఫ్ ఊసెత్తితే చాలు, గాలి అంటాడు, వాన అంటాడు. మీరెవరూ రాకపోతే నా తెడ్డు పడవ ఉంది. మంచు కురిసిన రోజు వాడి పొగ ఎంతకీ రాకపోతే తాడు విప్పేశాను తెలుసా? ఒక కాలు పడవలో పెట్టాను కూడా. అప్పుడు లేచింది పొగ."

సిగ్నే ముఖం పాలిపోయింది. "విరిగిన తుంటితోనా? ఆ నీళ్లలో పడితే ఇంకేమన్నా ఉందా!"

"పడితే పడతాను. పొగ లేకపోతే వెళ్లాలి. నేను వస్తానని వాడికీ తెలుసు."

"తెలుసు," అందామె మెల్లగా. "ఆయన దిగులంతా అదే."

"దిగులా? నా గురించా?" ముసలాయన కళ్లు చెమర్చాయి. అది దాచుకోవడానికి కోటు గుండీలు తడుముకున్నాడు. "గాడిద. ఆ మాటేదో ముందే చెబితే ఏం పోయింది? సరేలే. వెళ్లగానే ఏమంటానో అనుకునే ఉంచాను. 'నాన్నకు ఇద్దరు కొడుకులురా' అంటాను. అంతే. మిగతాది వాడే చూసుకుంటాడు."

సిగ్నే కాఫీ కప్పు కింద పెట్టింది.

"నిజం చెప్పమ్మాయ్, వాడికి ఆ పద్ధతి నేర్పింది నువ్వేగా? సొంత అన్న మాట చెవిన పెట్టనివాడు నీ మాటెలా విన్నాడు?"

ఆమె మసి టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుంది.

"ఆయన చివరి శ్వాసదాకా నా మాటా వినలేదండీ," అంది. "ఆకులు రాలినప్పటి నుంచి ఆ పొయ్యి ముట్టిస్తున్నది నేను."