గోడ మీద తోట ఎవరి పని?

మా ఆయన ఎంత పనివాడో చుట్టాలందరికీ తెలుసు. పారేసిన పెట్టెల చెక్కలతో బాల్కనీ గోడకు అరలు, అరల నిండా మొక్కలు. ఖర్చల్లా మేకులకే. ఎవరొచ్చినా "అంతా నా చేతి పనే" అని మీసం దువ్వేవారు.

నిన్న ఇంటి ఓనరు గోడకేసి వేలు చూపించాడు. "ఈ గోడకు మేకులు కొట్టిందెవరయ్యా?"

మా ఆయన ఓ అడుగు వెనక్కి వేశారు. "నేను కాదండీ, మా ఆవిడ! వద్దంటే వింటేనా?"

"భలే చేసిందయ్యా! మా మేడ మీదా ఇలాంటిదే కావాలి. చేసిపెడతావా అమ్మా?" అని ఓనరు లోపలికి కేకేశాడు.

"అంటే... నేను కూడా..." ఆయన నసిగారు.

నేను తలుపు చాటునుంచి ఇవతలికొచ్చాను. "గోడ కొలత చెప్పండి, బాబాయిగారూ."

అసలు ఆ చెక్కలు కోసిందీ, బిగించిందీ నేనే. ఆయన స్టూలు పట్టుకున్నారు. ఈ తోట గురించి ఆయన నోట నిజం రావడం అదే మొదటిసారి, అదీ భయం పుణ్యమా అని.