పదకొండింటికి రావలసిన నర్సు

తలుపు తీసిన ఆస్గర్, గుమ్మంలో నిల్చున్న ఆవిడకు నోరు తెరిచే సందు కూడా ఇవ్వలేదు.

"పదకొండింటికి వస్తామని మెసేజ్ పెట్టారు. పన్నెండు కావస్తోంది. ముందు లోపలికి రండి," అంటూ ఏడుస్తున్న పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టేశాడు.

అరవై దాటిన మనిషి. నెరిసిన పొట్టి జుట్టు, బిగించిన పెదవులు. "చూడబ్బాయ్, నేనొచ్చింది దేనికంటే..."

"తెలుసండీ. పిల్లని చూడ్డానికి, నన్నూ చూడ్డానికి. దాచేదేం లేదు, చూసుకోండి."

సిగ్నెకు ఐదు నెలలు. తల్లి మారెన్ సోమవారం నుంచి కోపెన్‌హాగెన్ రైలెక్కి ఉద్యోగానికి వెళుతోంది. పిల్లను చూసుకోవడానికి ఇచ్చే సెలవు ఇక ఆస్గర్ వంతు. ఇవాళ గురువారం. పసిపిల్లలున్న ఇళ్లను చూసిపోయే మున్సిపాలిటీ నర్సు వచ్చి, ఈ తండ్రికి చేతకావడం లేదని రాసేసి పోతుందేమోనని నిన్నటిదాకా అతని భయం. పొద్దుట్నుంచీ ఆగని ఏడుపులో ఆ భయం కూడా కొట్టుకుపోయింది.

ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత పిల్ల మెడ వెనక వేలు పెట్టింది.

"లోపల ఉన్ని, పైన ఉన్ని. గదిలో హీటరు. పిల్ల ఉడికిపోతోందయ్యా."

"చలేస్తుందేమోనని..."

"చలి నీకు. విప్పు."

ఒక పొర తీశాక పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని, వీపు రాస్తూ కిటికీ దగ్గర అటూ ఇటూ తిరిగింది. సిగ్నె రెండుసార్లు తేన్చింది. ఏడుపు మూలుగైంది, మూలుగు వెక్కిళ్లైంది, ఆగిపోయింది. సీసా అందిస్తే సగం తాగి నిద్రలోకి జారింది. ఆవిడ పిల్లను బండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, అక్కడి పసిపిల్లలందరూ పగలు చల్లగాలిలోనే నిద్రపోతారు కనుక, బాల్కనీలోకి తోసింది.

ఆస్గర్ గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాసేయండి, నాకు చేతకాదని."

"రాయడానికేముంది? పిల్ల బొద్దుగానే ఉంది. నువ్వే పీక్కుపోయావు. పొద్దున ఏమైనా తిన్నావా?"

తల అడ్డంగా ఊపాడు. ఆవిడ వంటింట్లో వెతికి, రై రొట్టె మీద వెన్న రాసి చీజ్ ముక్క పెట్టి తెచ్చింది. అతను ఆబగా తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"మా పెద్దాడూ ఇంతే. ఆరు నెలలు నన్ను ఏడిపించాడు. అప్పట్లో నా తలుపు తట్టినవాళ్లే లేరు."

"మళ్లీ ఎప్పుడొస్తారు?" అన్నాడు బెదురుగా.

ఆవిడ బాల్కనీలోని బండి వైపు చూసింది. "రేపు పదింటికి వస్తాలే."

అంతలో బెల్లు మోగింది. గుమ్మంలో ఒక పాతికేళ్లమ్మాయి, భుజాన బరువు తూచే యంత్రం ఉన్న సంచీ, మెడలో గుర్తింపు కార్డు.

"సారీ, మంచులో బస్సు ఆగిపోయింది. నేను మున్సిపాలిటీ నుంచి, పిల్లల నర్సుని."

ఆస్గర్ వెనక్కి తిరిగాడు. "మరి మీరు?"

ఆవిడ ఖాళీ పళ్లెం సింకులో పెట్టి చేతులు తుడుచుకుంది.

"మీ కింది వాటాలో ఉంటాను. మీరు దిగిన రోజు నుంచీ ఈ ఏడుపుకి కంటిమీద కునుకు లేదు, గట్టిగా నాలుగు దులిపేసి పోదామని పైకొచ్చాను."