కాంపౌండరే హంతకుడు

"ఎవడికి పంపావో మర్యాదగా చెప్పు" అన్నాడు అనంతకృష్ణ, డీటీపీ షాపు గాజు తలుపు తోసుకుని లోపలికి వస్తూనే.

కంప్యూటరు ముందు కూర్చున్న యేసుబాబు లేచి నిలబడ్డాడు. పక్క కుర్చీలో పెళ్లి కార్డు డిజైను చేస్తున్న అతని భార్య డయానా మౌసు వదిలేసింది. అనంతకృష్ణ వెనకే అతని భార్య సంయుక్త వచ్చి గోడవారగా నిలబడింది. ఆ సాయంత్రమే ఆమె మూడో నవల ఆవిష్కరణ. సభకని కట్టుకున్న పట్టుచీర మీద చెమట మరకలు పడుతున్నాయి. దారిలో బెంజ్ సర్కిల్ దగ్గర ఇరవై నిమిషాలు ట్రాఫిక్కులో ఇరుక్కున్నా అనంతకృష్ణ కోపం దిగలేదు.

ఫోను తీసి యేసుబాబు ముఖం ముందు పెట్టాడు. "చదువు."

వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్. దాని పైన రెండు ముక్కలు. 'మూసిన వార్డు నవల కొనకండి. కాంపౌండరే హంతకుడు.' తెరిస్తే సంయుక్త చేతిరాతలో చివరి అధ్యాయం మొత్తం ఫొటోలుగా ఉంది. పుస్తకాలు చదివే గ్రూపుల్లో మధ్యాహ్నం నుంచి అది చేరని గ్రూపు లేదు. చూసినవాడల్లా కింద నవ్వు బొమ్మ పెట్టి ఇంకో గ్రూపుకి తోస్తున్నాడు. పక్కవాడి సరదా చెడగొట్టడంలో కొందరికి ఉండే హుషారు అంతా ఇంతా కాదు.

హంతకుడెవరో ముందే తెలిశాక క్రైమ్ నవల ఎవరు కొంటారు? సంయుక్త మొదటి నవలకీ ఇదే జరిగింది. రెండోదానికీ ఇదే జరిగింది. రెండుసార్లూ సరిగ్గా ఆవిష్కరణ రోజునే. ఇదీ పోతే ఇక మీ పుస్తకం వెయ్యనని పబ్లిషరు ఆమె మొహం మీదే చెప్పేశాడు.

"పబ్లిషరుని వదిలేస్తే బయటివాళ్లలో చదివింది ఇద్దరే" అన్నాడు అనంతకృష్ణ. "ముందుమాట రాసిన భానుమూర్తిగారు, నువ్వు. ఆ చల్లపల్లి పెద్దాయనకి ఫోన్లో ఫొటో తియ్యడమే రాదు. ఇక మిగిలిందెవరయ్యా?"

యేసుబాబు పీడీఎఫ్‌ని కిందికి జరుపుతూ చదివాడు. నొసలు చిట్లించాడు. మళ్లీ పైకి జరిపాడు.

"మేడం, అసలు ఈ చాప్టరు..."

"నువ్వు మాట్లాడకు యేసుబాబూ" అంది సంయుక్త.

డయానా ఉలిక్కిపడింది. ఆరేళ్లుగా ఈ షాపులో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటూ, తమ క్యారేజీలో పులిహోర ఉంటే అడిగి మరీ పెట్టించుకున్న మనిషి గొంతులా లేదది.

"అదేంటండీ మేడం, ఆయన్ని చెప్పుకోనివ్వరా?"

"ఒక్క మాట కూడా వద్దు."

యేసుబాబు తల దించుకున్నాడు. అనంతకృష్ణకి ఇక పట్టపగ్గాలు లేవు.

"నీలాంటివాణ్ణి నమ్మి ఇంట్లోకి రానివ్వడం మా బుద్ధి తక్కువ. రైటర్ల గ్రూపులన్నిట్లో నీ పేరు పెడతా. రేపట్నుంచి ఈ బెజవాడలో ఒక్కడు నీకు పేజీ ఇస్తే నన్నడుగు. షట్టరు దించుకుని పోవాల్సిందే నువ్వు."

"నోరు జారకండి సార్" అంటూ డయానా లేచింది. "పదహారేళ్ల షాపండీ ఇది. చర్చి పత్రికలు, పంచాంగాలు, పీహెచ్‌డీలు, ఎన్ని చెయ్యలేదు? ఎవరి కాగితమూ ఈ గుమ్మం దాటి బయటికి పోలేదు."

"ఆ మాట సైబర్ క్రైమ్ వాళ్లకి చెప్పుకో."

పక్క జిరాక్సు షాపువాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్లని చూసేసరికి అనంతకృష్ణ గొంతు ఇంకా లేచింది. ప్రింటర్లోంచి తెల్లకాగితం లాగి బల్ల మీద కొట్టాడు.

"రాయి. నేనే పంపాను, తప్పయింది అని రాసి సంతకం పెట్టు. ఇక్కడ రాయకపోతే స్టేషన్లో రాయిస్తా."

యేసుబాబు సంయుక్త వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఒళ్లంతా మండిపోతోంది ఆమెకి. నోరు తెరిస్తే ఏం మాట వస్తుందోనని పళ్లు బిగబట్టి నిలబడింది. యేసుబాబు పెన్ను తీసుకున్నాడు. అది చూసి డయానా ఏడ్చేసింది.

అప్పుడు మెత్తబడ్డాడు అనంతకృష్ణ. వెనక్కి తిరిగి భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే సంయూ. వీళ్లతో మనకెందుకు? మూడుసార్లయింది. నీకు ఇది అచ్చిరావట్లేదు. సభ క్యాన్సిలని మెసేజి పెట్టేస్తాను. హాయిగా ఇంట్లో ఉండు. ఈ రాతలూ ఈ అవమానాలూ ఎవరిక్కావాలి చెప్పు?"

మొదటి నవలప్పుడూ ఇలాగే ఓదార్చాడు. రెండోసారీ అంతే. ఆ రెండుసార్లూ ఆమె అతని భుజం మీద తలపెట్టుకుని ఏడ్చింది.

ఈసారి ఏడవలేదు. షాపు మూలకి నడిచింది. బైండింగు నుంచి గంట కిందటే దించిన పుస్తకాల కట్టలున్నాయక్కడ. ఇంకా ఎవరూ తాడు కూడా విప్పలేదు. కత్తెరతో ఒక తాడు కోసి, పై పుస్తకం తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"చివరి పేజీ చదవండి. అందరికీ వినపడేలా."

"ఇప్పుడిదెందుకు?" అని విసుక్కుంటూనే అనంతకృష్ణ చదవడం మొదలుపెట్టాడు. మూడో లైను దగ్గర అతని గొంతు ఆగిపోయింది.

యేసుబాబు కంపోజు చేసిందీ, భానుమూర్తిగారు చదివిందీ, అచ్చయి వచ్చిందీ నర్సు సుబ్బరత్నం హంతకురాలైన నవల; కాంపౌండరు హంతకుడైన చివరి అధ్యాయాన్ని సంయుక్త ఒకే ఒక్క ప్రతి రాసి, పదిహేను రోజుల కిందట అన్నం వడ్డిస్తూ భర్త చేతికి ఇచ్చింది.