పార చప్పుడు

రైలింజను బాయిలరు గొట్టం కారుతోందని డ్రైవరు మూడుసార్లు రాసిచ్చినా పైవాళ్లు పట్టించుకోలేదు. అది పగిలి, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఆవిరికి కాలి చనిపోయాక మాత్రం తప్పంతా ఆ చనిపోయినవాడి మీదికే నెట్టేశారు.

మరమ్మతై వచ్చిన ఆ ఇంజను దగ్గరికి ఒక రాత్రి ఫోర్‌మన్ కాగితం పట్టుకొచ్చి, కిందికి దిగిన డ్రైవరు చేతిలో పెట్టాడు.

"డ్యూటీలో నిద్రపోయాడని నువ్వూ ఓ సంతకం పడేయవయ్యా."

"నిద్రా? పన్నెండు గంటలు పార దించలేదు సార్ ఆ మనిషి! అనడానికి మీకు నోరెలా వచ్చింది?" డ్రైవరు ఒళ్లు మండి అరిచాడు.

అంతలో పైన క్యాబులో పార ఇనుప నేలను గీరింది. పొయ్యి తలుపు తెరుచుకుని ఎర్రటి వెలుగు ఇద్దరి మీదా పడింది. లోపల బొగ్గు పడిన చప్పుడైంది. పార మళ్లీ గీరింది.

"పైన ఎవరయ్యా?" ఫోర్‌మన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఎవరూ లేరు. ఇవాళ డ్యూటీలో నేనొక్కణ్ణే."

డ్రైవరుకీ భయమేసింది. అయినా కాగితం తిరిగి ఫోర్‌మన్ చేతిలోనే పెట్టాడు.

"ఎక్కి మీరే అడగండి సార్, నిద్రపోయాడేమో."