ఏడో నంబరు డ్రోను

పన్నెండు డ్రోన్లలో ఏడో నంబరు మళ్ళీ కూలింది. వరసగా ఇది మూడోసారి.

“నాసిరకం సరుకు. తీసి అవతల పారెయ్యండి,” అన్నాడు మేనేజరు.

ఇంజనీరమ్మ దాని రెక్కలకంటిన మట్టి తుడిచింది. “నాసిరకం కాదు సార్, అన్నిట్లోకీ ఇదే మేలైనది. కబురు దారి తప్పనివ్వదని మిగతా పదకొండూ తమ కబుర్లన్నీ దీనికే అప్పజెబుతున్నాయి. మోసీ మోసీ దీని బ్యాటరీ ముందే అయిపోతోంది.”

“అయ్యో పాపం! మంచిదని దాని మీదే పడితే ఎలా? తలా కాస్త మోసేట్టు మార్చండి. రిపోర్టు కూడా మీరే రాసెయ్యండి. రేపు వచ్చేవాళ్ళకి ఎగరేసి చూపించేదీ మీరే. మిగతావాళ్ళ మీద నాకు నమ్మకం లేదు.”

పళ్ళు నూరుకుంటూ ఆమె ఇంట్లో ఉన్న పెద్దకూతురికి ఫోన్ చేసింది. “పెద్దతల్లీ, నాకు ఆలస్యమవుతుంది. నానమ్మకి మందులిచ్చి, తమ్ముడి చేత లెక్కలు చేయించి, బట్టలు మడతపెట్టు.”

“రేపు నాకు పరీక్షమ్మా. చెల్లి ఖాళీగానే ఉందిగా?”

“దాన్ని నమ్ముకుంటే అయినట్టే! నువ్వయితే నాకు నిశ్చింత.”

అటునుంచి ఫోన్ కట్టయింది.

ఫోన్లో ఛార్జింగ్ అయిపోయి ఉంటుందనుకుని, ఆమె ఏడో నంబరు బరువు తగ్గించే పనిలో పడింది.