సంచిలో రెండో చొక్కా

"తెల్లదే వేసుకోవాలి. ఇంక దీని గురించి ఎవరూ మాట్లాడొద్దు," అంది అత్తగారు, పొద్దున్నుంచీ తనే మాట్లాడుతూ.

"తెల్లచొక్కాతో ఆసుపత్రిలో ఇంటర్వ్యూకెళ్తే వదిన చేతికి సెలైన్ సీసా ఇచ్చి, పేషెంటుకి ఎక్కించి రమ్మంటారు," అంది ఆడపడుచు. "నీలం చొక్కా వేసుకో వదినా. హుందాగా ఉంటుంది."

"నీలమా! బడికెళ్ళే పిల్లలాగానా?"

కోడలు తడిజుట్టుతో రెండు చొక్కాల మధ్యా నిలబడింది. భర్త ఎందుకైనా మంచిదని రెండూ ఇస్త్రీ చేసి పెట్టాడు. తల్లికీ చెల్లెలికీ మధ్య మాట పడకుండా బతకడం అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

"ఏ రంగు వేసుకుంటే ఏముందమ్మా," అన్నారు బావగారు, టీ కప్పు కింద పెడుతూ. "మన షాపులో అన్ని రంగులూ ఉన్నాయి. హాయిగా వచ్చి కూర్చోక ఎందుకీ తిప్పలు?"

భర్తకి అన్నగారైన బావగారిది గోడలకు వేసే రంగుల షాపు. ఈ ఉద్యోగమూ రాకపోతే అక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానని ఆమె ఇంటిల్లిపాది ముందూ ఒప్పుకుంది. సొంత షాపు కదా, జీతం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు కూడా. అందుకే కంటి ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉన్న ఆ ఒక్క కుర్చీ కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"టైమవుతోంది," అంటూ నీలం చొక్కా అందుకుంది.

అత్తగారి మొహం చిన్నబోయింది. తెల్లచొక్కా నలగకుండా మడిచి, కోడలి సంచిలో పెట్టింది. "నా మాట ఎలాగూ చెల్లలేదు. కనీసం సంచిలోనైనా ఉండనీ. దారిలో బుద్ధి మారుతుందేమో."

బుద్ధి మారలేదు. ఆసుపత్రికి చేరి, జుట్టు సరిచేసుకుందామని చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళింది. అక్కడ తన ఈడు మనిషే ఒకామె కుళాయి దగ్గర నిలబడి చొక్కా ముందు భాగం రుద్దుకుంటోంది. టీ మరక. రుద్దినకొద్దీ పెద్దదవుతోంది.

"లిఫ్టులో ఎవరో చెయ్యి తగిలించి టీ ఒలకబోశారండీ," అంది ఏడుపు గొంతుతో. "తర్వాత నన్నే పిలుస్తారు. ఇలా ఎలా వెళ్ళను? ఇంటికి పోతాను."

ఉన్నది ఒక్క కుర్చీ. ఈమె ఇంటికి పోతే పోటీకి ఒక మనిషి తగ్గుతుంది. ఆ మాట మనసులోకి రాకపోలేదు. వచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది. సంచి తెరిచింది.

"ఇది వేసుకోండి. ఇప్పుడే ఇస్త్రీ చేసింది."

ఆమె చొక్కా వంక, మనిషి వంక మార్చి మార్చి చూసింది. "మీరూ ఈ ఉద్యోగానికేగా వచ్చారు?"

"అవును."

"మరి నాకెందుకు ఇస్తున్నారు?"

"నాది నా ఒంటి మీద ఉందిగా. తొందరగా కానివ్వండి, పిలుస్తున్నారు. మీ ఫోన్ నంబరివ్వండి, మిస్డ్ కాల్ ఇస్తాను. చొక్కా తర్వాత తీసుకుంటాను."

తెల్లచొక్కా ఆమెకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

సాయంత్రం గడపలో కాలు పెట్టగానే నలుగురూ ఒక్కసారే అడిగారు. చెప్పులు విప్పుతూ జరిగింది జరిగినట్టు చెప్పింది. చివరికి ఎవరిని తీసుకున్నారో కూడా చెప్పింది.

"నువ్వు చొక్కా ఇచ్చినామెకే ఇచ్చారా ఉద్యోగం?" భర్త నోరు తెరిచాడు. "ఇంటికి పోతానన్న మనిషిని ఆపి మరీ పంపావా?"

"నీలం చొక్కా అన్నారు, హుందా అన్నారు!" అత్తగారు కూతురి వైపు తిరిగింది. బాధలోనూ ఆవిడ గొంతు ఖంగుమంటోంది. "చూశావా? ఆ ఉద్యోగం తెల్లచొక్కాకే వచ్చింది. ఎటొచ్చీ లోపలున్నది మన మనిషి కాదు!"



"పోనీలేమ్మా, పిల్లని ఇంకేమీ అనకు," అన్నారు బావగారు, మంచి మనసుతోనే. "రేపు పొద్దున నాతో పాటు షాపుకొచ్చెయ్యమ్మా. గల్లాపెట్టె దగ్గర మెత్తటి కుర్చీ వేయిస్తాను."

ఆమె తలూపబోతుండగా ఫోను మోగింది. చూసుకుని వంటింట్లోకి నడిచింది. లోపలి నుంచి "ఆఁ... అలాగేనండీ... తప్పకుండానండీ" అన్న మాటలు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ తెల్లచొక్కా ఆమే అయ్యుంటుందనుకున్నా, చొక్కా గురించి ఇంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారో అర్థంకాక ఇవతల నలుగురూ మొహాలు చూసుకున్నారు.

ఆమె బయటికి వచ్చింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించింది.

"ఆవిడేనా వదినా?"

"ఊఁ. రేపు పదింటికి రమ్మంది. ఆవిడ ఇన్నాళ్ళూ ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో చేస్తోందట, అక్కడికి."

"నా చొక్కా ఉతికి ఇవ్వమను," అంది అత్తగారు.

"అయితే అది తీసుకుని అటు నుంచటే షాపుకి వచ్చెయ్యమ్మా," అన్నారు బావగారు.

"రాలేను బావగారూ," అంది కోడలు, అందరికీ వినపడేలా, గొంతు పెంచకుండానే. "తన బదులు ఒక మనిషిని చూపిస్తే గానీ పంపనన్నారట డాక్టరుగారు. ఆవిడ నా పేరు చెబితే సరేనన్నారట. రేపట్నుంచి ఆవిడ కుర్చీ, ఆవిడ జీతం నావి."