కొసరు

మా అమ్మ కూరల బండి మీద ప్రభుత్వ త్రాసు ఉంటుంది. కెమెరా కంటితో కొనేవాళ్ల ముఖం చూసి, వాళ్లింటి పార్టీని బట్టి ధర అదే చెబుతుంది. తూకానికి మించి గుప్పెడు వేసినా లైసెన్సు రద్దు. అలాంటివి పట్టుకునే ఉద్యోగం నాది.

ఈసారి నరసాయమ్మత్త వాళ్ల పార్టీ ఓడింది. అరకిలో వంకాయలకు త్రాసు రెట్టింపు ధర చెప్పింది.

"బేరమాడితే తగ్గే రోజులు పోనాయి పైడమ్మా" అంది అత్త.

"ఇప్పుడు గెలిస్తేనే తగ్గుతాది వదినా" అంటూ అమ్మ అలవాటుగా గుప్పెడు పచ్చిమిర్చి తీసి, నన్ను చూసి ఆగిపోయింది.

ఒకప్పుడు ఆ కొసరు కోసమే జనం మా బండి వెతుక్కుంటూ వచ్చేవారు. నా డిగ్రీ చదువు అలాగే గడిచింది.

త్రాసు కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాను.

"కొత్తిమీర కూడా వెయ్యమ్మా" అన్నాను.